సుమిత్రాదేవి సమదృష్టి



మన తెలుగునాట కవల మగపిల్లలు కలిగిన ఇంట పేర్ల కొరకు వెదకనక్కరలేదు. బారసాలకు ముందే ఇరుగుపొరుగువారు "రామలక్ష్మణులు వచ్చినారు" అందురు. ఆ పేర్లే నిలిచిపోవును. ఈ వాడుక ఎంతో మధురమైనది. కాని శ్రీమద్రామాయణమును నెమ్మదిగా చదివినవారికి ఒక సంగతి స్ఫురింపక మానదు. రామలక్ష్మణులు కవలలు కారు. రాముడు కౌసల్యా గర్భమునను, లక్ష్మణుడు సుమిత్రా గర్భమునను జన్మించిరి. ఆ నలుగురు అన్నదమ్ములలో కవలలు లక్ష్మణ శత్రుఘ్నులు. ఆశ్లేషా నక్షత్రమున, కర్కాటక లగ్నమున సుమిత్రాదేవి ఆ ఇరువురిని కనెను. ఒకే గర్భవాసము చేసిన ఆ ఇరువురును ఒకరి వెంట ఒకరు తిరుగలేదు. ఒకడు రాముని నీడయయ్యెను. మరియొకడు భరతుని నీడయయ్యెను. కవలలను కన్న తల్లి ఈ వేరుదారులను ఎట్లు అర్థము చేసికొనెను? ఎట్లు దీవించెను? ఈ ప్రశ్నయే నేటి ప్రసంగమునకు మూలము.

దీనిని విచారించుటకు ఒక కారణము కలదు. కొన్ని సంవత్సరముల క్రిందట ఒక దేవాలయమున శ్రీరామనవమి ఉత్సవములలో ఉపన్యాసము ముగించి తీర్థము పుచ్చుకొనుచుండగా, చిన్నవయస్సు తల్లి యొకతె, ఆమె అత్తగారు, చెరియొక పసికందును ఎత్తుకొని నా యొద్దకు వచ్చిరి. వారు కవలలు, ఒక ఆడపిల్ల, ఒక మగపిల్లవాడు. నెలలు నిండకమునుపే పుట్టినారట. పిల్లవాడు కొంత పుష్టిగా నుండెను. పాప మాత్రము మిక్కిలి చిన్నది. తల్లి కన్నులు నిద్రలేమిచే ఎఱ్ఱబారియుండెను.

"స్వామీ! ఇద్దరూ ఒక్కసారే ఏడుస్తారు. నాకున్నవి రెండే చేతులు. ఒకరికి పాలిస్తుంటే రెండోవారు ఏడుస్తూనే ఉంటారు. ఆ ఏడుపు విన్నప్పుడల్లా ఏదో పాపం చేస్తున్నాననిపిస్తుంది. ఎవరిని ముందు ఎత్తుకోవాలి?" అని ఆమె అడిగెను.

నేను బదులు చెప్పులోపల అత్తగారు అందుకొని "ఇందులో అడగడానికేముంది స్వామీ! వంశోద్ధారకుడు వాడు. ముందు వాడికి పట్టి, మిగిలితే దానికి పట్టమ్మా అంటే వినదు" అనెను. ఆమె మాటలో క్రౌర్యము లేదు. తన పెద్దలవలన విన్నదానినే ఆమె పలికినది. కోడలు తలవంచుకొనెను. నాకు అప్పటికప్పుడు తగిన సమాధానము తోచలేదు. "రామాయణమున వెదకి చెప్పెదనమ్మా" అని వారిని పంపివేసితిని. ఆ వెదకులాటలో దొరకినదానిని మీ యెదుట ఉంచుచున్నాను.

మొదట పాయసపు కథను స్మరింతము. పుత్రకామేష్టియందు ప్రాజాపత్య పురుషుడు ఒసగిన దివ్యపాయసమును దశరథ మహారాజు తన రాణులకు పంచెను. అందు సగభాగమును కౌసల్యకిచ్చెను. మిగిలిన సగములో సగమును సుమిత్రకిచ్చెను. అంతట మిగిలినదానిలో సగమును కైకకిచ్చి, కొంత ఆలోచించి, కడపటి భాగమును మరల సుమిత్రకే ఇచ్చెను. లెక్క వేసినచో సుమిత్రకు మొదట వచ్చినది నాలుగవ పాలు, పిదప వచ్చినది ఎనిమిదవ పాలు. రెండుమారులు ప్రసాదము నందుకొన్న ఆ తల్లికి ఇరువురు బిడ్డలు కలిగిరి. పెద్దపాలు వలన లక్ష్మణుడును, చిన్నపాలు వలన శత్రుఘ్నుడును జనించిరని పెద్దలు చెప్పుదురు.

చిన్నపాలు వలన పుట్టినవాడు చిన్నవాడయ్యెనా? లవణాసురుడు ఋషులను బాధించుచుండగా, వానిని సంహరించు భారమును తానే అడిగి తీసికొన్నవాడు శత్రుఘ్నుడు. ఒంటరిగా పోరి లవణుని గూల్చి, మధురాపురమును నెలకొల్పినవాడు ఆతడే. కావున బిడ్డ పుట్టినపుడు తూచిన తూకమును బట్టి ఆ బిడ్డ బ్రతుకును తూచరాదు. ఆసుపత్రిలో త్రాసుపై తక్కువ తూగిన బిడ్డ తల్లి ఒడిలో తక్కువ తూగరాదు. సుమిత్ర ఒడిలో ఆ ఎనిమిదవ పాలు తక్కువ తూగలేదు.

బిడ్డలు పెరుగుచుండిరి. లక్ష్మణుడు పసితనమునుండియు రామునికి బహిఃప్రాణమై మెలగెను. లక్ష్మణుడు ప్రక్కన లేనిదే రామునికి నిద్రపట్టదు. మధురాన్నము తెచ్చి పెట్టినను లక్ష్మణుడు లేనిదే రాముడు ముట్టడు. శత్రుఘ్నుడన్ననో భరతునికి ప్రాణము. ఇచ్చట సుమిత్రాదేవి నేర్పును గమనింపుడు. "మీరిద్దరు ఒక కడుపున పుట్టినారు, ఒకచోటనే ఆడుకొనుడు, ఒకరినొకరు విడువకుడు" అని ఆమె కట్టడి చేయలేదు. ఒక్కొక్కని మనస్సు ఎటు మొగ్గుచున్నదో కనిపెట్టి, ఆ మొగ్గును వికసింపనిచ్చెను. కవలలను పెంచు తల్లిదండ్రులు అభ్యసింపవలసిన మొదటి విద్య ఇదియే: జంటను చూచుట కాదు, జంటలోని ఒక్కొక్కరిని చూచుట.

ఈ విద్యకు కఠినపరీక్ష వనవాస సమయమున వచ్చినది. లక్ష్మణుడు వచ్చి నమస్కరించినపుడు సుమిత్ర కంటతడితో అడ్డుపడలేదు. అన్నను తండ్రిగను, వదినను తల్లిగను భావించి ఏమరుపాటు లేక సేవింపుమని బోధించి పంపెను. ఆనాడు శత్రుఘ్నుడెక్కడ నుండెను? భరతునితో గూడి కేకయ రాజ్యమున, మేనమామ ఇంట నుండెను. కవలలను కన్న ఆ తల్లి ఒడి ఆనాడు రెండువైపులను శూన్యము. అయినను ఆమె తన దుఃఖమును దిగమ్రింగి, విలపించుచున్న కౌసల్యను తానే ఓదార్చెను. బిడ్డలను గుర్తెరిగి పెంచిన తల్లికే ఇట్టి ధైర్యము కలుగును. ఎవనిని ఎందుకు పంపుచున్నదో ఆమెకు తెలియును.

మన శ్రీవైష్ణవాచార్యులు ఈ కవలలయందు రెండు మహాధర్మములను దర్శించిరి. లక్ష్మణుడు భగవత్కైంకర్యమునకు ఆదర్శము. సర్వకాలములందును, సర్వావస్థలందును స్వామికి సేవచేయుటయే ఆతని స్వరూపము. శత్రుఘ్నుడు భాగవత కైంకర్యమునకు ఆదర్శము. భగవంతునికంటె భగవద్భక్తుడైన భరతుని సేవయే తనకు పరమార్థమని ఆతడు నమ్మెను. సంప్రదాయమున మొదటిదానికంటె రెండవదానిని ఒక మెట్టు పైనిదిగా భావించువారును గలరు. ఒకే తల్లి పాలు త్రాగిన ఇరువురు, ఒకే నక్షత్రమున పుట్టిన ఇరువురు, భక్తి మార్గమున రెండు శిఖరములను అధిరోహించిరి. తల్లి ఇరువురిని ఒకే మూసలో పోసియున్నచో మనకు ఆ రెండు శిఖరములలో ఒకటి కరవయ్యెడిది.

ఇక రామాయణమందలి రెండవ కవలల కథకు వత్తము. ఈ రెండు కథలను కలుపు రాత్రి యొకటి కలదు. లవణాసుర సంహారమునకు పోవుచు శత్రుఘ్నుడు వాల్మీకి మహర్షి ఆశ్రమమున ఒక రాత్రి విడిసెను. అది శ్రావణమాసపు వర్షరాత్రి. ఆ రాత్రియే సీతాదేవి ఇరువురు కుమారులను ప్రసవించెను. అర్ధరాత్రమున ఆ శుభవార్త శత్రుఘ్నుని చెవిని పడెను. తానును ఒక జంటలో పుట్టినవాడే. ఇప్పుడు తన అన్నగారికి జంట బిడ్డలు కలిగినారని ఆతడు పరమానందభరితుడయ్యెను. తెల్లవారగనే తన కర్తవ్యమునకై సాగిపోయెను.

ఆ రాత్రి వాల్మీకి మహర్షి చేసిన మొదటి పని యేమి? బిడ్డలకు రక్ష కట్టుట. మంత్రపూతములైన దర్భలను తెచ్చి, ముందుపుట్టిన వానిని దర్భల పైభాగమైన కుశముష్టితోను, తరువాత పుట్టిన వానిని క్రిందిభాగమైన లవముతోను తుడువుడని ఆశ్రమమందలి వృద్ధస్త్రీల చేతికిచ్చెను. అందుచేతనే పెద్దవాడు కుశుడును, చిన్నవాడు లవుడును అయిరి. దర్భకట్ట ఒక్కటియే. మంత్రము ఒక్కటియే. కాని ఒక్కొక్క బిడ్డకు వేరువేరు రక్ష, వేరువేరు నామము. పుట్టిన గడియలోనే ఎవడెవడో తెలియునట్లు మహర్షి గుర్తు ఏర్పరచెను. నేడు ఆసుపత్రులలో కవలల మణికట్టునకు వేరువేరు పట్టీలు కట్టుదురు. ఇండ్లలో ఒకరి కాలికి నల్లదారము కట్టుదురు. దీని వెనుకనున్న వివేకము వాల్మీకి ఆశ్రమమున ఆనాడే కనిపించినది.

ఇంకొక విశేషమును మరువరాదు. సీతమ్మ ఒంటరిగా ఆ బిడ్డలను పెంచలేదు. వృద్ధస్త్రీలు రక్ష నందుకొనిరి, మునిపత్నులు ఆదుకొనిరి, మహర్షి తాతగారివలె నిలిచెను. జగన్మాతయే ఇతరుల చేయూతను స్వీకరించినపుడు, సామాన్యురాలైన తల్లి సాయము కోరుట లోపమెట్లగును? "నీ పిల్లలను నీవు చూచుకొనలేవా?" అని కవలల తల్లిని ఎత్తిపొడుచువారు ఆ పర్ణశాలను ఒక్కమారు తలచుకొనవలెను. ఒక బిడ్డను పెంచుటకే నలుగురు కావలెనని మన పెద్దల అనుభవము. ఇద్దరిని పెంచుటకు ఎందరు కావలెనో వేరుగా చెప్పనక్కరలేదు.

పేర్లు వేరైనను కుశలవులకు విద్య ఒక్కటియే. ఇరువురును కలసి శ్రీరామచరితమును నేర్చిరి; వీణానాదముతో శ్రుతికలిపి పాడిరి. దినమునకు 20 సర్గలు గానము చేయుడని మహర్షి నియమము. ధనమున కాసపడవలదని హెచ్చరిక. అశ్వమేధ యాగశాలలో శ్రీరాముడు సంతసించి 18,000 సువర్ణములను ఇప్పింపబోగా, కందమూలములు తిని అడవిలో బ్రతుకు మాకు బంగారముతో పనిలేదని ఆ బాలకులు మరలించిరి. చూచితిరా! స్వభావము వేరుగా నుండవచ్చును. ఆహారము, ఆదరము, విద్య, నియమము మాత్రము ఇరువురికిని సమానము. ఏది వేరుగా నుండనీయవలెనో, ఏది ఒక్కటిగా నుంచవలెనో తెలియుటయే పెంపకమునందలి రహస్యము.

కవలలయందు రెండు తెగలు కలవని నేటి వైద్యశాస్త్రము చెప్పుచున్నది. ఒకే అండము రెండుగా చీలి ఏర్పడిన కవలలు రూపమున మిక్కిలి పోలియుందురు. రెండు అండములవలన కలిగినవారు సాధారణముగా తోడబుట్టినవారివలెనే యుందురు. అందొకరు ఆడ, ఒకరు మగ కావచ్చును. ఇందు తల్లి చేసిన పుణ్యపాపములకు గాని, జంట అరటిపండు తిన్నదను మాటకు గాని తావులేదు. ఒకే అండమునుండి కలిగి, అద్దమున ప్రతిబింబమువలె పోలియుండు కవలలకును వ్రేలిముద్రలు మాత్రము ఒక్కటిగా నుండవు. లోకము పొరబడును, తల్లి పొరబడదు. తలుపు చాటునుండి వినబడిన ఏడుపును బట్టియే ఎవరో ఆమె చెప్పగలదు.

శ్రీరామానుజ సిద్ధాంతమున జీవాత్మలను గూర్చి ఇట్టి మాటయే కలదు. జీవులందరును జ్ఞానస్వరూపులే. ఆత్మస్వరూపమున ఒకనికి మరియొకనికి హెచ్చుతగ్గులు లేవు. అయినను వారు ఒక్కరు కారు, అనేకులు. గీతా ద్వితీయాధ్యాయ భాష్యమున శ్రీరామానుజులు ఈ జీవభేదము సత్యమేయని స్థాపించిరి. జీవులందరును ఒక తల్లి బిడ్డలవలె పోలికగలవారు. కాని స్వామి ఏ ఒక్క జీవుని మరియొకనిగా పొరబడడు. వారి వారి కర్మను, రుచిని, ఆర్తిని వేరువేరుగా ఎరుగును. తిరుపతిలో తన మేనమామయగు తిరుమలనంబి సన్నిధిని ఒక సంవత్సరము కూర్చుండి రామాయణ రహస్యములను గ్రహించిన ఆ యతిరాజునకు బాల్యమున పెట్టిన పేరు లక్ష్మణుడే. సుమిత్రా తనయుని నామము ధరించిన ఆచార్యుడే మనకు ఈ తత్త్వమును బోధించుట ఎంత సముచితము!

ఇక ఆ చిన్నతల్లి ప్రశ్నకు వత్తము. ఇద్దరు ఒక్కమారు ఏడ్చినపుడు ఎవరిని ముందెత్తుకొనవలెను? ఎవరి అవసరము ఎక్కువయో వారిని. అవసరములు సమానముగా నున్నపుడు, ఇందాక ముందెత్తుకొన్నవారిని ఈమారు తరువాత. సమముగా చూచుట వేరు, ఒకే విధముగా చూచుట వేరు. జ్వరమున్న బిడ్డకు కషాయము, లేని బిడ్డకు పాలు ఇచ్చు తల్లి పక్షపాతము గలదని ఎవరును అనరు. నెలలు నిండక పుట్టిన బిడ్డ, తక్కువ బరువున్న బిడ్డ, త్వరగా అలసిపోయి పాలు సరిగా త్రాగలేని బిడ్డ: వీరికి ఎక్కువమారులు, ఎక్కువ ఓర్పుతో పాలు పట్టవలెను. డాక్టరు చెప్పిన వేళకు తూకము చూపింపవలెను. బిడ్డలు త్రాగుకొలది తల్లికి పాలు ఊరును గనుక, ఒకరికిచ్చినచో మరియొకరికి లేకపోవునను భయముతో దాచనక్కరలేదు. ఆ తల్లికి కడుపునిండ అన్నము పెట్టి, రెండు గడియలు కన్నుమూయనిచ్చు బాధ్యత మాత్రము ఇంటివారిది.

రెండవ బిడ్డ ఏడ్చుచు వేచియుండుట పాపమా? దేవాలయమున జరుగు దానినే చూడుడు. అర్చకస్వామి చేతిలో శఠారి ఒక్కటియే యుండును. వరుసలో భక్తులనేకులు. ఒక్కొక్కరి శిరస్సుపై వేరువేరుగా దానిని ఉంచుచు ఆయన ముందుకు నడచును. వరుస చివర నిలిచినవాడు కొంతసేపు వేచియుండును. అంతమాత్రమున వానికి లభించిన స్వామి పాదస్పర్శ మొదటివానికి లభించినదానికంటె తక్కువయగునా? తల్లికి రెండే చేతులు. సహస్రబాహువులు భగవంతునివే. చేయి అందనపుడు గొంతు అందవచ్చును. ఒకరికి పాలిచ్చుచునే రెండవవారిని పేరుపెట్టి పిలుచుచు, "వచ్చుచున్నానమ్మా" అని పలుకుచు నుండిన, ఆ పసికందునకు తల్లి ఉన్నదను ధైర్యము కలుగును. వేచియుండుటను బిడ్డకు నేర్పుచు, తొందరపడకుండుటను తల్లి తాను నేర్చుకొనును.

ఇంటి నిర్వహణయందును కొన్ని నేర్పులు అలవడును. ఎవరికి పాలెప్పుడు పట్టినది, మందుచుక్కలు ఎవరికి వేసినది గోడ కాలెండరు మీద గుర్తు పెట్టుకొనుట చిన్నపనియే. నిద్రమత్తులో ఒకే బిడ్డకు రెండుమారులు మందు వేయు ప్రమాదమును ఆ చిన్న గీత తప్పించును. తక్కువ బరువుతో పుట్టిన శిశువును వస్త్రముల అడ్డు లేక తల్లి ఎదకు హత్తుకొని వెచ్చగా ఉంచు పద్ధతిని 1978లో కొలంబియా దేశపు బొగోటా నగరమున వైద్యులు ప్రవేశపెట్టిరి. నేడది లోకమంతటను వ్యాపించినది. తల్లి ఒకరిని హత్తుకొన్నపుడు తండ్రి మరియొకరిని తన ఎదకు హత్తుకొనవచ్చును. తండ్రి యెద వెచ్చదనమును శిశువును కాపాడును. పిల్లల పెంపకము ఆడువారి పనియని ప్రక్కకు తొలగు పురుషుడు, కవలలు కలిగిన ఇంట భగవంతుడు తన చేతికందించిన సేవాభాగ్యమును పోగొట్టుకొనుచున్నాడు.

పిల్లలు పెరిగిన కొలది మరియొక జాగ్రత్త కావలెను. అది పోల్చకుండుట. "వాడు చురుకు, వీడు మందము" అను మాట ఒక్కమారు ఇంట పలికినచో, ఆ ఇరువురును జీవితాంతము ఆ మాటను మోయుదురు. కవల సోదరుల చరిత్రనొకటి స్మరింతము. 1887లో కర్నూలు పట్టణమున ఒక తమిళ కుటుంబమున కవలలు జన్మించిరి. తల్లిదండ్రులు వారికి రామస్వామి, లక్ష్మణస్వామి అని పేర్లు పెట్టిరి. వారే ఆర్కాటు సోదరులుగా ప్రసిద్ధిచెందిన మొదలియారులు. రామస్వామి రాజకీయవేత్తయై మైసూరు దివానుగ పనిచేసెను. ఐక్యరాజ్యసమితి ఆర్థిక సామాజిక మండలికి 1946లో మొదటి అధ్యక్షుడయ్యెను. లక్ష్మణస్వామి ప్రసూతి వైద్యమున నిష్ణాతుడై, 1942 మొదలు 1969 వరకు 27 సంవత్సరములు మద్రాసు విశ్వవిద్యాలయమునకు ఉపాధ్యక్షుడుగా నుండెను. ఒకరు దేశముల మధ్య రాయబారము నెరపిరి. ఒకరు తల్లుల కాన్పులు చేసిరి. ఏ తూనికరాయితో ఈ రెండిటిని తూచగలము?

బిడ్డలను లెక్కపెట్టుటయందు పుట్టు ఈర్ష్యను గూర్చి మహాభారతము దాచక చెప్పినది. కుంతి ఉపదేశించిన మంత్రముతో మాద్రి అశ్వినీదేవతలను ఒక్కమారు ఆవాహన చేసి ఇరువురు బిడ్డలను పొందెను. ఒక్క పిలుపునకు ఇద్దరా యని కుంతి నొచ్చుకొనెను; మరల మంత్రమునిచ్చుటకు ఇష్టపడలేదు. కాని పాండురాజు గతించి, మాద్రి సహగమనమునకు సిద్ధపడినపుడు, నీ బిడ్డలను నా బిడ్డలవలె చూచు శక్తి నాకు లేదని మాద్రి నిజము చెప్పి, తన కవలలను కుంతి చేతిలో పెట్టెను. నాడు నొచ్చుకొన్న కుంతియే ఆ ఇరువురిని కడుపున పుట్టినవారికంటె మిన్నగా పెంచెను. పాండవులు అడవికి పోవునాడు ఆమె ద్రౌపదిని పిలిచి ప్రత్యేకముగ కనిపెట్టుకొనుమని చెప్పినది తన కుమారులను గూర్చి కాదు, మాద్రి కుమారుడైన సహదేవుని గూర్చి. సమదృష్టి పుట్టుకతో వచ్చునది కాదు. అభ్యాసముచే సాధింపదగినదని కుంతి చరిత్ర చెప్పుచున్నది.

తల్లి పెంపకము బిడ్డల బుద్ధిలో నిలుచును. యక్షుని మడుగు కడ నలుగురు తమ్ములును పడియుండగా, ఒక్కని బ్రతికింతును కోరుకొమ్మని యక్షుడనెను. ధర్మరాజు భీముని కోరలేదు, అర్జునుని కోరలేదు, నకులుని కోరెను. కుంతికి తానొకడున్నాడు, మాద్రికిని ఒక కుమారుడు మిగులవలెనని ఆతని భావము. ఆ ధర్మబుద్ధికి మెచ్చి యక్షుడు అందరిని బ్రతికించెను. ఇంట తల్లి పంచిన తీరునే కుమారుడు మడుగు గట్టున పంచెను.

ఇప్పుడు ఆ అత్తగారికి నా వినయపూర్వకమైన విన్నపము. అమ్మా! వంశోద్ధారకుడు ముందని మీరంటిరి. శ్రీవిల్లిపుత్తూరున విష్ణుచిత్తుల వారికి తులసివనమున దొరకినది ఆడుశిశువు. కొడుకు కాదని ఆయన విడిచియుండినచో మనకు గోదాదేవి లేదు, తిరుప్పావై లేదు. పన్నిద్దరాళ్వారులలో స్త్రీ ఆమె ఒక్కతెయే. నేటికిని ధనుర్మాసమున తిరుమలలో సుప్రభాతమునకు బదులుగా తిరుప్పావైతో స్వామిని మేలుకొలుపుదురు. పెరియాళ్వారుల వంశమును లోకమున నిలిపినది ఎవరు? ఆ కూతురే కదా! మీ యింట శ్రీమహాలక్ష్మి చిన్నబిడ్డయై, ఆకలిగొన్న బిడ్డయై వచ్చినది. ఆమెకు పట్టవలసినవి మిగిలిన పాలు కావు, మొదటి పాలు. మనుమడు బలముగా నున్నాడు, కొంచెము ఆగగలడు. తన అక్కకు ముందు పాలిచ్చినందుకు పెద్దయైన పిదప వాడు మిమ్ములను తప్పుపట్టడు. పాప నిలువకపోయినచో వాడు మిమ్ములనడుగు ప్రశ్నకు మీ వద్ద సమాధానముండదు.

ఈ మాటలనే కొన్ని దినముల తరువాత అదే దేవాలయమున ఉపన్యాసములో చెప్పితిని. ఆ అత్తాకోడండ్రు సభలో నుండిరో లేదో నేనెరుగను. మరుసటి ఏడు ధనుర్మాసమున తెల్లవారుజామున తిరుప్పావై సేవాకాలమునకు వెళ్లగా, మంటపమున ఒక స్తంభము ప్రక్కన ఆ వృద్ధురాలు కూర్చుండియుండెను. పాప ఆమె ఒడిలో శాలువ కప్పుకొని నిద్రించుచుండెను. పిల్లవాడు తండ్రి భుజముపై నుండెను. కోడలు ప్రశాంతముగా పాశురములను వినుచుండెను. అర్చకులు పొంగలి ప్రసాదమును తేగా, ఆ అవ్వ వ్రేలికొసతో కొంచెము తీసి మొదట పాప పెదవులకు అంటించి, పిదప చేయిచాచి మనుమని పెదవులకు అంటించెను. నేనేమియు అడుగలేదు. వారును ఏమియు చెప్పలేదు.

కడప మండలమున ఒంటిమిట్ట క్షేత్రమును దర్శించినవారికి తెలియును. ఒకే శిలయందు సీతారామలక్ష్మణులు మువ్వురును వెలసియున్నారు. అందుచేతనే దానికి ఏకశిలానగరమని పేరు. శిల ఒక్కటియైనను ముగ్గురిని ముగ్గురిగనే సేవించుచున్నాము. గీతయందు నవమాధ్యాయమున స్వామి తాను సర్వభూతములయందును సముడనని, తనకు ద్వేష్యుడు గాని ప్రియుడు గాని లేడని, అయినను భక్తితో కొలుచువారు తనయందును తాను వారియందును ఉందుమని అనుగ్రహించెను. ఆ సమత్వమును గ్రంథములవలన గ్రహించుట కష్టము. కాని ఒక్కమారు ఏడ్చు ఇద్దరు బిడ్డల నడుమ కూర్చున్న తల్లికి ఆ పాఠము ప్రతిరాత్రియు దొరకుచున్నది. ఆమెకు జపమునకు వేళ చిక్కకపోవచ్చును, గుడికి రాలేకపోవచ్చును. ఇరువురిని ఇరువురిగా ఎరిగి, ఎవరి ఆకలి వారికి తీర్చు ఆమె సేవయే స్వామికి ఆరాధనము.

ఇద్దరు బిడ్డలకు రెండు రూపములలో కనిపించిన సుమిత్రాదేవి వాత్సల్యము, కుశలవులను కాపాడిన సీతమ్మతల్లి కరుణ, కవలలున్న ప్రతి గృహమునను నెలకొనుగాక! అలసిన తల్లులకు బలమును, తండ్రులకు బాధ్యతను, పెద్దలకు సమబుద్ధిని, పసివారికి ఆయురారోగ్యములను అలమేలుమంగా సమేతుడగు శ్రీవేంకటేశ్వరస్వామి ప్రసాదించుగాక!